ముందు రక్తం ఎటు పోతోందో చూడండి, కార్డియోలిపిన్ సంగతి తరువాత

కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలోని కార్డియోలిపిన్ వంటి కొవ్వులలో వచ్చే మార్పులను బట్టి జీర్ణాశయం, పెద్దపేగు క్యాన్సర్లను ముందే పసిగట్టవచ్చని మీరు చదివారట. మీ నాన్నగారికి ఒంట్లో రక్తం తగ్గుతోంది కనుక ఆ పరీక్ష గోదావరి జిల్లాలలో ఎక్కడ చేస్తారో చెప్పమన్నారు. కోనసీమలో ఒక ల్యాబులో బయోకెమిస్ట్రీ విభాగం చూసుకునే మనిషిగా చెబుతున్నాను: జీర్ణనాళ క్యాన్సర్ల కోసం అటువంటి పరీక్షను వైద్య అవసరానికి రాజమహేంద్రవరంలోనే కాదు, హైదరాబాదులో కూడా చేయరు. అది ఇంకా పరిశోధనశాల గడప దాటలేదు.

మీరు ఏ ల్యాబుకైనా వెళ్లి కార్డియోలిపిన్ టెస్టు కావాలంటే మాత్రం లేదనరు, రక్తం తీసుకుంటారు. వారు చేసేది యాంటీ కార్డియోలిపిన్ యాంటీబాడీ పరీక్ష. అది పదేపదే గర్భస్రావమయ్యే స్త్రీలకు, కారణం తెలియకుండా రక్తనాళాలలో గడ్డలు కట్టేవారికి రాసేది. 1942లో మేరీ పాంగ్‌బార్న్ ఎద్దు గుండె నుండి వేరుచేసిన ఆ కొవ్వు మా వృత్తికి కొత్తది కాదు. సిఫిలిస్ కోసం చేసే వీడీఆర్ఎల్ పరీక్ష ద్రావణంలో ఉండేది అదే. ఈ రెండు పరీక్షలూ క్యాన్సర్‌ను వెతకడానికి పనికిరావు కనుక వాటి మీద డబ్బు పెట్టవద్దు.

అలాగని మీరు చదివినది గాలివార్త కాదు. కార్డియోలిపిన్ ప్రధానంగా మైటోకాండ్రియా లోపలి పొరలో ఉండి, సైటోక్రోమ్ సి అనే ప్రోటీనును ఆ పొరకు అంటిపెట్టి ఉంచుతుంది. ఆ కొవ్వు ఆక్సీకరణ చెందినప్పుడు ప్రోటీను పట్టు సడలి బయటపడితే, కణం తనను తాను ముగించుకునే ప్రక్రియ మొదలవుతుంది. చనిపోవలసిన కణం చనిపోకుండా పెరగడమే కణితి కాబట్టి, అక్కడ ఈ కొవ్వు మారి ఉంటుందని అనుకోవడంలో అర్థం ఉంది. 2008లో అమెరికాలో కీబిష్, సేఫ్రీడ్ బృందం ఎలుకల మెదడు కణితులలో ఆ తేడాలను చూపింది. బార్త్ సిండ్రోమ్ అనే అరుదైన పుట్టువ్యాధి విషయంలో అయితే ఇది రుజువైపోయిన సూచిక. ఎండబెట్టిన రక్తపు చుక్కలో ఒక కొవ్వు ఆమ్లం ఊడిన రూపమైన మోనోలైసో కార్డియోలిపిన్‌కూ కార్డియోలిపిన్‌కూ మధ్య నిష్పత్తి చూసి ఆ జబ్బును నిర్ధారించగలుగుతున్నారు.

అయితే మీ ప్రశ్నలో నన్ను పట్టుకున్న మాట వేరు: మీ నాన్నగారికి రక్తం తగ్గుతోందన్న మాట. మా పెద్దనాన్నగారిది రాజోలు వైపు. కొబ్బరి దింపు నాడు పొద్దుటి నుండి తోటలోనే నిలబడి కాయ లెక్క చూసుకునే మనిషి, ఒక ఏడాది దాళ్వా నాట్ల వేళకు ఏటిగట్టు ఎక్కుతూ మధ్యలో ఆగి ఆయాసం తీర్చుకోవడం మొదలుపెట్టారు. ఊళ్లో ఆర్ఎంపీ గారు రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు, బలానికి ఇంజెక్షన్లు ఇచ్చారు. హిమోగ్లోబిన్ కొంచెం పెరగడం, మళ్లీ 8 దగ్గరకు దిగిపోవడం. పెద్దమ్మ మునగాకు పప్పు, నువ్వుండలు చేసి పెడుతూ వచ్చింది. నగరంలో ఉన్న పెద్దన్నయ్య ఊరుకోలేక ఒక సంస్థ వారి ఒళ్లంతా పరీక్షించే ప్యాకేజీ కట్టించాడు. అందులో సీఈఏ అనే క్యాన్సర్ సూచిక కూడా ఉంది. అది హద్దులోనే ఉందని రావడంతో, ఆయనకు క్యాన్సర్ లేదని తేలిపోయిందని చుట్టాలందరికీ ఫోన్లు వెళ్లాయి. ఐరన్ మాత్రలు వేసుకుంటే విరేచనం నల్లగానే అవుతుంది కనుక ఆ రంగు చూసి కూడా ఎవరికీ అనుమానం రాలేదు.

చివరికి కంటిశుక్లం ఆపరేషన్‌కని ఒక ప్రభుత్వ బోధనాసుపత్రికి తీసుకువెళితే, అక్కడ హౌస్ సర్జన్‌గా ఉన్న ఒక అమ్మాయి కనురెప్ప కిందికి లాగి చూసి, "తాతగారూ, మలపరీక్ష ఎప్పుడైనా చేయించారా?" అని అడిగిందట. పెద్దనాన్నగారికి కోపం వచ్చింది. "అన్ని పరీక్షలూ అయిపోయాయమ్మా, ఇదిగో ఫైలు," అని చేతిలో పెట్టారు. ఆ అమ్మాయి ఓపికగా ప్రతి కాగితమూ తిప్పి, "అన్నీ ఉన్నాయండీ, రక్తం ఎటు పోతోందన్నది ఒక్కటే లేదు," అంది. మలంలో కంటికి కనబడని రక్తం ఉందని తేలింది, కొలనోస్కోపీలో కుడివైపు పెద్దపేగులో కణితి కనబడింది. ఆ వైపు పేగు వెడల్పుగా ఉంటుంది, లోపలి పదార్థం ఇంకా పలుచగా ఉంటుంది కనుక అక్కడి కణితి చాలాకాలం అడ్డుపడదు, నొప్పి పెట్టదు. ఊరికే రక్తం కారుస్తూ ఉంటుంది. పేగులో ఆ భాగం తీసివేశారు, తరువాత కీమో కూడా ఇచ్చారు. ఆ ఊరుకున్న నెలలన్నీ ఎందుకు పోయాయని ఇప్పటికీ నాకు బాధే.

అందుకే ప్యాకేజీలలో క్యాన్సర్ మార్కర్లను కలిపి అమ్మడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. సీఈఏను 1965లో గోల్డ్, ఫ్రీడ్‌మన్ కనుగొన్నారు. దాని అసలు ఉపయోగం ఆపరేషన్ అయిన రోగిలో జబ్బు తిరగబెడుతోందేమో కనిపెట్టుకోవడం. తొలిదశ కణితులలో అది తరచు పెరగదు, పొగ తాగేవారిలో ఏ కణితీ లేకపోయినా కొంత పెరిగి ఉంటుంది. లంక పొగాకు పండే నేల మీద, చుట్ట వెలిగించనిదే తెల్లవారని పెద్దలున్న ఊళ్లలో, ఆ అంకె ఎంతమందిని ఊరికే భయపెడుతుందో ఆలోచించండి. క్లోమం క్యాన్సర్ కోసం చూసే సీఏ 19-9 పిత్తాశయపు రాళ్ల వల్ల కామెర్లు వచ్చినా పెరుగుతుంది. లూయిస్ రక్తవర్గ గుర్తు లేనివారిలో క్యాన్సర్ ఉన్నా అసలు తయారే కాదు.

మైటోకాండ్రియా కొవ్వులు కూడా రక్తపరీక్షగా వస్తే ఇదే గతి పడుతుందని నా గట్టి అభిప్రాయం. ఎర్రకణాలలో మైటోకాండ్రియా ఉండదు. తెల్లకణాలలో, ప్లేట్‌లెట్లలో ఉంటుంది కనుక సీసాలో కొలిచేది చాలావరకు వాటి కొవ్వే అవుతుంది గాని పేగులోని కణితిది కాదు. పైగా ఈ కొవ్వు గాలి తగిలితే త్వరగా చెడుతుంది. మధ్యాహ్నపు ఎండలో థర్మోకోల్ పెట్టెలో పెట్టి బైకు మీద పంపే నమూనాలు ఎలా చేరతాయో మాకు తెలుసు. తినే నూనెను బట్టి, చేపను బట్టి కార్డియోలిపిన్‌లోని కొవ్వు ఆమ్లాలు మారతాయని జంతు ప్రయోగాలు చెబుతున్నాయి. రోజూ చేపలు తినే మన డెల్టా మనిషికీ, చేప ముట్టని మనిషికీ ఒకే హద్దు గీస్తే ఎలా కుదురుతుంది? ఇది నెగ్గేది కణజాలంలోనే. లండన్ ఇంపీరియల్ కళాశాలలో తకాచ్ బృందం, శస్త్రచికిత్సలో విద్యుత్ కత్తి నుండి లేచే పొగలోని కొవ్వులను అణువుల బరువును కొలిచే మాస్ స్పెక్ట్రోమీటరుతో చదివి, కోస్తున్నది కణితా మంచి కణజాలమా అని అక్కడికక్కడే చెప్పే పద్ధతిని 2013లో ప్రచురించింది. ఎండోస్కోపీలో తీసిన ముక్కకు కొవ్వులను ఇలా చదివే పరీక్ష తోడైతే నేను మనసారా ఆహ్వానిస్తాను.

మీ నాన్నగారికి ముందుగా హిమోగ్లోబిన్‌తో పాటు ఒంట్లో ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్ చూపించండి. ఫెరిటిన్ తక్కువగా ఉంటే అది ఇనుము లోటే. పెద్ద వయసు మగవారిలో అది తిండి లోపమని సరిపెట్టుకోకుండా జీర్ణకోశ వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లి, పైనుండి ఎండోస్కోపీ, కిందినుండి కొలనోస్కోపీ రెండూ అవసరమా అని అడగండి. మలంలో రక్తం కోసం ఫిట్ పరీక్ష చేయించవచ్చు, దానికి పథ్యం అక్కరలేదు, మాత్రలు ఆపనక్కరలేదు. అందులో రక్తం లేదని వచ్చినా, ఇనుము లోటు రుజువైతే మాత్రం ఆ కాగితం చూసి కొలనోస్కోపీ వాయిదా వేయవద్దు. కణితి రోజూ రక్తం కార్చదు.