అబ్బాయికి ల్యాప్‌టాప్ కొనాలి, గొలుసు బ్యాంకులో పెట్టమంటారా?

ప్రశ్న: మాది తెనాలి. నేను ఇంట్లో మిషన్ కుడతాను, మా ఆయన ఆటో నడుపుతారు. మా అబ్బాయికి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీఎస్ఈ ఏఐ-ఎంఎల్ బ్రాంచిలో సీటు వచ్చింది. ఏఐ అంటే గ్రాఫిక్స్ కార్డు ఉండాల్సిందేనని సీనియర్లు చెప్పారట, 88 వేల గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలంటున్నాడు. లేదంటే యాపిల్ అంటాడు. మేం కూడబెట్టింది 45 వేలు. మా ఇంటి పరిస్థితి వాడికి ఎప్పుడూ తెలియనివ్వలేదు. గొలుసు బ్యాంకులో పెట్టి కొనేద్దామా? విండోస్, లినక్స్, యాపిల్ మూడింట్లో ఏది మేలో పోల్చి చెప్పండి. కొనకపోతే వెనకబడిపోతాడేమోనని రాత్రిళ్లు టెన్షన్‌గా ఉంటోంది.

జవాబు: అమ్మా, గొలుసు బ్యాంకులో పెట్టకండి. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది మీరు నింపాదిగా చదువుకుంటారు.

ఏటా సీట్లు ఖరారయ్యే రోజుల్లో నాకు ఇదే ప్రశ్న వస్తుంది. ఊరు మారుతుంది, అంకె మారుతుంది, అంతే. పైకి అడిగేది ల్యాప్‌టాప్ గురించి. లోపల ఉన్న భయం వేరు: మేం డబ్బు పెట్టలేకపోతే పిల్లాడి భవిష్యత్తు ఆగిపోతుందా అని. ఆగదమ్మా. నేను చూసిన పిల్లల్లో చౌక ల్యాప్‌టాప్ వల్ల ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. ప్రోగ్రామింగ్ పునాది గట్టిపడక వెనకబడినవాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు. వాళ్లలో కొందరి దగ్గర లక్ష రూపాయల ల్యాప్‌టాప్ ఉంది.

సీనియర్లు చెప్పిన మాట సగం నిజం. అందుకే పిల్లలు తేలిగ్గా నమ్మేస్తారు. పెద్ద ఏఐ మోడళ్లను ట్రెయిన్ చేయాలంటే జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డులో ఉండే చిప్, కావాలి, నిజమే. కానీ మీవాడు అడిగిన ధరలో వచ్చే ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ కార్డుకు ఉండే సొంత మెమరీ చాలావరకు 4 నుంచి 8 జీబీ. గూగుల్ కోల్యాబ్‌లో ఉచితంగా దొరికే టీ4 జీపీయూకు 16 జీబీ మెమరీ ఉంటుంది. క్యాగిల్ అనే సైట్‌లో వారానికి సుమారు 30 గంటలు జీపీయూ ఉచితంగా వాడుకోవచ్చు. రెండూ బ్రౌజర్‌లోనే నడుస్తాయి, లెక్కలు చేసేది అవతల ఉన్న సర్వర్. ఉచితం కాబట్టి గంటల పరిమితి ఉంటుంది, రద్దీగా ఉన్నప్పుడు కోల్యాబ్‌లో జీపీయూ దొరకదు కూడా. అయినా బీటెక్ ప్రాజెక్టులకు అది చాలు. పైగా మొదటి ఏడాది మీవాడు రాసేది సీ ప్రోగ్రాములు, లెక్కలు, డ్రాయింగ్. వాటికి గ్రాఫిక్స్ కార్డుతో పనే లేదు. మెషిన్ లెర్నింగ్ గట్టిగా మొదలయ్యేసరికి ఇవాళ కొన్న కార్డు పాతబడిపోయి ఉంటుంది.

మీరు అడగలేదు గానీ, ఈ ఏఐ మోజు గురించి నా మనసులో ఉన్నది చెప్పాలి. బ్రాంచి పేరులో ఏఐ ఉంది కదా అని సంబరపడేవాళ్లను, పేరులో ఏఐ లేదని కుంగిపోయేవాళ్లను ఇద్దరినీ చూస్తున్నాను. మీవాడికి సీటు వచ్చేసింది, మంచిదే, దాన్ని మార్చుకోమని చెప్పను. నా దిగులల్లా ఒక్కటే. మూడో ఏడాది పిల్లలు నా దగ్గరకు చాట్‌బాట్ ప్రాజెక్టు పట్టుకొచ్చి గర్వంగా చూపిస్తారు. ఒక జాబితాలో రెండో పెద్ద సంఖ్యను వెతికే ప్రోగ్రాం కాగితం మీద రాయమంటే పెన్ను కదలదు. వాళ్లు చూపించిన ప్రాజెక్టులో పని చేసేది ఇంకెవరో తయారుచేసిన మోడల్, వీళ్లు రాసింది దాన్ని పిలిచే పది లైన్లు. ఏఐలో నిజంగా నిలబడాలంటే కావలసినవి లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, డేటా స్ట్రక్చర్లు. వీటిని మామూలు సీఎస్ఈ వాళ్లూ చదువుతారు, ఈసీఈ పిల్లలు సొంతంగా నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఈ సబ్జెక్టుల్లో పట్టు ఉంటే రేపు ఏఐలో ఏ కొత్త పద్ధతి వచ్చినా అందుకుంటాడు. పట్టు లేకపోతే 88 వేలు కాదు, రెండు లక్షలు పెట్టినా లాభం లేదు.

దుకాణాల్లో "ఏఐ పీసీ" అని స్టిక్కర్ వేసి ఇంకో పది, పదిహేను వేలు పెంచుతున్నారు. అందులో ఎన్‌పీయూ అనే చిప్ ఉంటుంది. వీడియో కాల్‌లో వెనక దృశ్యం మసకబార్చడం లాంటి పనులకు అది వాడతారు. మీవాడు ఏఐ నేర్చుకోవడానికీ దానికీ సంబంధం లేదు. ఆ స్టిక్కర్ కోసం రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి.

గేమింగ్ ల్యాప్‌టాప్‌తో ఇంకో ఇబ్బంది, కొన్నాక గానీ తెలియదు. పోయినేడాది ఒక అబ్బాయి దాన్ని నా బల్ల మీద పెడితే బల్ల కదిలింది. రెండు కిలోల పైనే ఉంది, చార్జర్ ఇటుకంత. బ్యాగు పట్టీ కుట్టు ఊడిపోతే వాళ్లమ్మ నల్లదారంతో రెండు వరసలు కుట్టి ఇచ్చింది. బ్యాటరీ మూడు గంటలు రావడం కష్టం, క్లాసులో ప్లగ్గు దగ్గర చోటు దొరకదు. రెండో సెమిస్టర్‌కల్లా దాన్ని హాస్టల్ గదిలో వదిలేసి, కాలేజీలో నోట్సు ఫోన్‌లో రాసుకుంటున్నాడు. మోయలేని వస్తువు చదువుకు అక్కరకు రాదు కదమ్మా.

ఇప్పుడు మిమ్మల్ని కాస్త గట్టిగానే అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. "ఇంటి పరిస్థితి వాడికి తెలియనివ్వలేదు" అని రాశారు. ఎందుకు తెలియనివ్వలేదు? వాడికి పద్దెనిమిదేళ్లు వస్తున్నాయి, ఓటు హక్కు వచ్చే వయసు. ఆటో మీద ఎంత వస్తుంది, మిషన్ మీద ఎంత వస్తుంది, కాలేజీకి కట్టాల్సింది ఎంత అన్నది తెలియని పిల్లాడు 88 వేలు అడిగితే తప్పు వాడిది కాదు, మీది. మీరు గొలుసు పెట్టి కొనిచ్చారనుకోండి. రెండేళ్ల తర్వాత వడ్డీ కట్టలేక ఇంట్లో మాటామాటా వచ్చిన రోజున వాడికి నిజం తెలుస్తుంది. అప్పుడు వాడు పడే బాధ, ఇవాళ "ఇంతే ఉందిరా నాన్నా" అని వింటే పడే బాధకు పదింతలు ఉంటుంది. "నలుగురిలో చిన్నబోతాడు" అని తల్లిదండ్రులు నాతో అంటుంటారు. పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి అడిగితే చాలామంది, "మాకు అసలు ఎంత ఉందో చెప్పలేదు సార్, చెప్పి ఉంటే అడిగేవాణ్ని కాదు" అంటారు. ఇవాళ రాత్రి అన్నం తిన్నాక ఆ 45 వేల మాట చెప్పండి. ఆ డబ్బులో మంచిది వెతికే బాధ్యత వాడికే ఇవ్వండి.

వెతికేటప్పుడు వాడు చూసుకోవాల్సినవి చెబుతాను.

మొదట ప్రాసెసర్, అంటే ల్యాప్‌టాప్ మెదడు. స్టిక్కర్ మీద ఇంటెల్ ఐ5 అని ఉంటే సరిపోదు, పూర్తి నంబరు చదవాలి. ఐ5-6300యు అంటే ఆరో తరం, 2015 నాటిది. ఐ5-1235యు అంటే పన్నెండో తరం, 2022లో వచ్చింది. రెంటి మీదా ఐ5 అనే ఉంటుంది. ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్లలోనూ ఇదే తంటా: రైజెన్ 5 7520యు అన్నది పేరుకు ఏడు వేల సిరీస్ అయినా లోపల ఉన్నది 2019 నాటి జెన్ 2 డిజైన్. ఈ ఏడు వేల సిరీస్‌లో నాలుగంకెల్లో మూడోది చూడమనండి. 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3. అంటే 7530యు అన్నది 7520యు కంటే చాలా మెరుగు, ధరలో తేడా మాత్రం కొన్నిసార్లు తక్కువే ఉంటుంది. 7520యు ఉన్న ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ (పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ) బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేరు.

ర్యామ్ 16 జీబీ దొరికితే అదే తీసుకోండి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, అందుకని 45 వేలలో 8 జీబీయే వస్తే బెంగపడక్కర్లేదు, అదనంగా ఒక ఖాళీ స్లాట్ ఉన్న మోడల్ చూసుకోండి. రెండో ఏడాదిలో వీలున్నప్పుడు పెంచుకోవచ్చు. ఫైళ్లు దాచుకోవడానికి 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉండాలి. బరువు కిలోన్నర, కిలో ఏడొందలు దాటకూడదు. సర్వీసు సెంటర్ గుంటూరులోనో విజయవాడలోనో ఉన్న కంపెనీదే తీసుకోండి.

ఇక విండోసా, లినక్సా, యాపిలా. మీరు పోల్చమన్నారు గానీ మీ విషయంలో పెద్ద పోలిక అక్కర్లేదు. యాపిల్ మంచి వస్తువే, బ్యాటరీ రోజంతా వస్తుంది. కానీ ర్యామ్, స్టోరేజీ తర్వాత పెంచుకోలేరు, కింద పడి స్క్రీన్ పగిలితే బాగుచేయించే ఖర్చు మీ నెల సంపాదనంత అవుతుంది. పక్కన పెట్టేయండి. కొత్త ల్యాప్‌టాప్‌తో విండోస్ 11 వస్తే అదే ఉంచండి. కాలేజీ ల్యాబుల్లో, రేపు క్యాంపస్ ఇంటర్వ్యూల ఆన్‌లైన్ పరీక్షల్లో వాడే సాఫ్ట్‌వేర్లలో కొన్ని లినక్స్‌లో నడవవు.

అలాగని లినక్స్ నేర్చుకోకపోతే మాత్రం నేనూరుకోను. ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేది లినక్స్ కెర్నెల్ (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) మీద, ప్రపంచంలోని సర్వర్లలో ఎక్కువ భాగం లినక్స్ మీద. వాడు ఏఐ నేర్చుకునే ఆ కోల్యాబ్ కూడా లినక్సే. విండోస్ లోపలే డబ్ల్యుఎస్ఎల్ అనే సదుపాయంతో ఉబుంటు అనే లినక్స్ వేసుకోవచ్చు, ఖర్చు లేదు, ఉన్నదేమీ చెరిగిపోదు. రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పక్కపక్కన వేసే డ్యూయల్ బూట్ మొదటి ఏడాది వద్దు. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే ఫైళ్లకు వేసే తాళం, ముందే ఆన్ అయి ఉంటుంది. సెట్టింగులు కదిలిస్తే ఆ తాళం తీసే బిట్‌లాకర్ కీ అడుగుతుంది, అది లేకపోతే ఫైళ్లన్నీ పోయినట్టే. కొన్న రోజే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ 48 అంకెల కీని ఒక కాగితం మీద రాసి మీ బీరువాలో పెట్టమనండి. నేను ఊరికే చెప్పడం లేదు, పరీక్షల ముందు రోజు ఈ కీ కోసం ఏడ్చిన పిల్లలున్నారు.

ధర తగ్గుతుందని విండోస్ లేని ల్యాప్‌టాప్ కొని, దుకాణంలో "క్రాక్ వేసిస్తాం" అంటే ఒప్పుకోకండి. దొంగ విండోస్‌ను నడిపించే ఆ యాక్టివేటర్లతో పాటు వైరస్‌లు వస్తాయి. మీ బ్యాంకు పాస్‌వర్డులు వాడు అందులోనే కొడతాడు. వర్డ్, ఎక్సెల్ కోసం కూడా దొంగ కాపీ అక్కర్లేదు. లిబ్రెఆఫీస్ ఉచితం.

సెకండ్ హ్యాండ్ సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే 45 వేలూ ల్యాప్‌టాప్‌కే పోతే పుస్తకాలకు, హాస్టల్ అడ్వాన్సుకు ఏం మిగలదు. కంపెనీలు వాడి తీసేసిన బిజినెస్ ల్యాప్‌టాప్‌లు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల సగానికి సగం ధరకు దొరుకుతాయి. గట్టివి, కీబోర్డు బాగుంటుంది. ఒక్క జాగ్రత్త: విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత వాటిలో చాలావరకు మైక్రోసాఫ్ట్ అధికారికంగా విండోస్ 11 ఇవ్వదు. దుకాణంలో ఎలాగో ఒకలా ఎక్కించి అమ్ముతారు. అందుకని ఎనిమిదో తరం గానీ ఆ పైది గానీ అడగండి. కనీసం ఆర్నెల్ల వారంటీ బిల్లు మీద రాయించుకోండి.

కొన్నేళ్ల క్రితం బాపట్ల వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. తండ్రి కౌలు రైతు. ఆమె తెచ్చింది అలాంటి పాత నల్ల ల్యాప్‌టాప్, కీబోర్డు మధ్యలో ఎర్ర బొడిపె, ఎ అక్షరం పూర్తిగా అరిగిపోయింది. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. ఆన్ చేసి మేం టీ తాగి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంది. "కొత్తది కొనకపోతే కష్టమా సార్?" అని అడిగేటప్పుడు గొంతు వణికింది. హార్డ్ డిస్క్ తీసేసి చిన్న ఎస్ఎస్‌డీ పెట్టించుకో, లినక్స్ మింట్ వేసుకో అన్నాను. సీనియర్ ఒకడు వేసిచ్చాడు. ఏదైనా ఆగిపోతే సరిచేసుకోక తప్పదు కాబట్టి, రెండో ఏడాదికల్లా క్లాసులో టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే నల్ల తెర) భయం లేనిది ఆ అమ్మాయికే. మిగతావాళ్లు ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో కమాండ్లు బట్టీ పడుతుంటే ఈమెకు అది రోజూ వంటింట్లో తిరిగినట్టే. ఇప్పుడు బెంగళూరులో సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తోంది. మొదటి జీతం వచ్చాక కూడా ఆ ల్యాప్‌టాప్ పారేయలేదు, తమ్ముడికి ఇచ్చింది.

మీవాడు మూడు మోడళ్లు ఎంచి, ప్రాసెసర్ నంబరు చివరి అక్షరంతో సహా, ర్యామ్ స్లాట్లు ఎన్నో, బరువెంతో తన చేత్తోనే కాగితం మీద రాసి నాకు పంపమనండి. కొనేలోపు చూసి చెబుతాను. గొలుసు మెడలోనే ఉంచుకోండి.