కనిపించకుండా పోయిన మనిషి కేసులో పోలీసులు సాక్ష్యాలు మార్చేశారంటున్నారు, అది నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

మీ ఊరాయన కనిపించకుండా పోయి మూడు వారాలవుతోందనీ, పెట్రోలు బంకు వీడియోలో మధ్యలో ఆరు నిమిషాలు లేవనీ, ఫోను స్టేషన్లో ఉండగానే వాట్సాప్‌లో లాస్ట్ సీన్ మారిందనీ రాశారు. ఊరి గ్రూపుల్లో మాత్రం "అంతా స్టేషన్లోనే మార్చేశారు" అంటున్నారు. ఏది నమ్మాలో చెప్పమన్నారు.

మీరు చెప్పిన ఈ రెండింటిని బట్టి మార్చారనీ చెప్పలేం, మార్చలేదనీ చెప్పలేం. నేను తెనాలి వైపు సీసీ కెమెరాలు బిగించే పని చేస్తాను. కేసులొచ్చినప్పుడు వీడియో తీసివ్వమని పోలీసులు పిలుస్తుంటారు, కోర్టులో సాక్ష్యం చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు ఆ ఆరు నిమిషాల సంగతి. చిన్న వ్యాపారుల డీవీఆర్‌లు (కెమెరా వీడియో రికార్డయ్యే పెట్టెలు) చాలావరకు ఎదురుగా ఏదైనా కదిలితేనే రికార్డు చేసేలా పెట్టి ఉంటాయి, హార్డ్ డిస్కు ఎక్కువ రోజులు వస్తుందని. రాత్రిపూట బంకు ముందు ఎవరూ లేకపోతే ఆ కాసేపు రికార్డు కాదు. కరెంటు పోయి యూపీఎస్ లేకపోయినా, డిస్కులో కొంత భాగం పాడైనా అంతే. ఖాళీ ఎందుకొచ్చిందో డీవీఆర్ తనంతట తాను రాసుకునే లాగ్‌లో చాలావరకు తెలిసిపోతుంది. ఎప్పుడు ఆగింది, ఎప్పుడు మళ్ళీ మొదలైంది, ఎవరైనా లోపలికి వెళ్ళి సెట్టింగులు మార్చారా అన్నది అందులో ఉంటుంది. అయితే గ్రూపుల్లో తిరిగే వీడియో ఎవరో మానిటర్ ముందు నిలబడి సెల్‌ఫోనుతో తీసింది. దాన్ని చూసి "ఎడిట్ చేశారు" అనడానికి లేదు. అసలు ఫైలు డీవీఆర్ నుంచి దాని సొంత ఫార్మాట్‌లో, డీఏవీ ఫైలుగానో మరోలాగో, పెన్‌డ్రైవులోకి దిగుతుంది. ఆ ఫైలు చూడకుండా తీర్పు చెప్పకూడదు.

గడియారం తేడా కూడా చాలామందికి తట్టదు. నేను చూసిన డీవీఆర్‌లలో సరైన టైము చూపించేవి తక్కువ. పది నిమిషాలు ముందుకో, అరగంట వెనక్కో ఉంటాయి. అందుకే వీడియో తీసేటప్పుడు నా ఫోను గడియారాన్ని డీవీఆర్ తెర పక్కన పట్టుకుని, రెండూ ఒకే ఫొటోలో పడేలా తీయిస్తాను. తేడా ఎంతో పంచనామాలో రాయిస్తాను. ఆ ఫొటో లేకపోతే ఒక దుకాణం కెమెరాలో 8.10కి వెళ్ళిన మనిషి పక్క దుకాణం కెమెరాలో 7.55కే కనిపిస్తాడు. ఇంక ఊరంతా అదే మాట.

లాస్ట్ సీన్ దగ్గర కొంచెం జాగ్రత్తగా ఉండాలి. ఫోను చార్జింగు పెట్టి ఆన్ చేసినంత మాత్రాన లాస్ట్ సీన్ మారదు, వాట్సాప్ తెరిస్తే మారుతుంది. ఆయన ఇంట్లోనో కొట్లోనో కంప్యూటర్‌లో వాట్సాప్ లింక్ చేసి ఉందేమో, దాన్ని ఎవరైనా వాడుతున్నారేమో ఇంటివాళ్ళని అడగండి. అలాంటిదేమీ లేకపోతే స్టేషన్లో ఎవరో ఆ ఫోను తెరిచారన్న అనుమానం న్యాయమైనదే. స్వాధీనం చేసుకున్న ఫోనుని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, కవరులో వేసి, సీలు వేసి ల్యాబుకి పంపాలి తప్ప నలుగురూ తెరిచి చూడకూడదు. ఎవరు తెరిచారు, ఎప్పుడు, ఎందుకు అని రాతపూర్వకంగా అడిగే హక్కు ఆ కుటుంబానికి ఉంది.

ఇప్పుడు నేను దగ్గరుండి చూసిన కేసు చెబుతాను. కొన్నేళ్ళ కిందట, కాలువలకు నీళ్ళు వదిలిన రోజుల్లో, మా పక్క ఊళ్ళో మినుముల వ్యాపారం చేసే పెద్దాయన సాయంత్రం స్కూటరు మీద బయటికెళ్ళి తిరిగి రాలేదు. తెల్లారేసరికి స్కూటరు కాలువ గట్టు మీద ఉంది. ముందుగా చూసిన కుర్రాళ్ళు ఫొటోలు తీసి గ్రూపులో పెట్టారు. వాటిలో ఆయన చెప్పులు నీటి అంచున, రెండూ పక్కపక్కనే ఉన్నాయి. పోలీసులు వచ్చి రాసిన మధ్యవర్తుల నివేదికలో మాత్రం చెప్పులు స్కూటరు మీద, కాళ్ళు పెట్టుకునే చోట ఉన్నాయని ఉంది. ఈ తేడా బయటపడగానే ఊరు ముక్కలుగా చీలింది. ఎస్సైకి డబ్బు ముట్టిందని కొందరు, ఆత్మహత్యని హత్యగా చూపిస్తున్నారని కొందరు, హత్యని ఆత్మహత్యగా చూపిస్తున్నారని మరికొందరు. ఆయన భాగస్వామి ఇంటి మీదికి జనం వెళ్ళారు. అక్కడి మెడికల్ షాపు డీవీఆర్ నుంచి వీడియో తీసిచ్చింది నేనే కాబట్టి, గడియారం తేడా పట్టుకుని నన్ను కూడా "బాగుచేసి ఇచ్చాడు" అన్నారు.

చెప్పులు మార్చింది కాలువ లస్కరు, అంటే గట్టూ గేట్లూ చూసుకునే మనిషి. మనుషులు మూగకముందే, ఇంకా చీకటుండగానే గట్టు మీద నడుస్తూ మళ్ళీ అటు వచ్చాడు. అప్పటికే కుర్రాళ్ళు ఫొటోలు తీసుకుని, ఇంటివాళ్ళకి చెప్పడానికి ఊళ్ళోకి పరిగెత్తారు. కుక్కలు లాక్కుపోతాయని చెప్పులు తీసి స్కూటరు మీద పెట్టి, పోలీసులొచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు. అంతే. ఈ మాట ఆయన నెల దాటాక గానీ చెప్పలేదు. అది కూడా కొత్తగా వచ్చిన ఎస్సై గట్టు మీద ఆయనతో కూర్చుని టీ తాగుతూ మెల్లగా అడిగితేనే. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదయ్యా" అంటే, "చెప్పులు మార్చినోడే చంపినోడని ఫోన్లలో తిరుగుతోంది గదండీ, మావోడు చదివి వినిపించాడు. నేనెట్టా చెప్తానండీ?" అన్నాడు.

అదే వరసలో ఇంకో మాట కూడా చెప్పాడు. రాత్రి పది దాటాక తూము గేటు చూడ్డానికి వచ్చినప్పుడు ఆ గట్టు మీద స్కూటరు లేదు. ఈ ఒక్క ముక్క మొదటి వారంలో తెలిసుంటే వెతకాల్సిన గంటలే మారిపోయేవి. అప్పటిదాకా ఆయన ఇంట్లోంచి బయలుదేరిన టైముని బట్టి ఏడు నుంచి తొమ్మిది దాకా వీడియోలే అడిగారు, అవే తీశాం. పది తర్వాతవి కావాలని వచ్చేసరికి సెంటర్లో హోటలు కెమెరా, బస్టాండు పక్క సెల్‌ఫోన్ల కొట్టు కెమెరా, అన్నిట్లోనూ పాతవి చెరిగిపోయి కొత్తవి ఎక్కేశాయి. చిన్న డీవీఆర్‌లో పదిహేను రోజులు, బాగుంటే నెల, అంతకుమించి ఉండదు. ఆయన ఆచూకీ ఇప్పటికీ తెలియలేదు. ఆయన భార్య ఇప్పటికీ బొట్టు తీయలేదు, తీయమని చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

అందుకే ఊహాగానాల మీద నాకు ఇంత కోపం. పోలీసుల్ని అనుమానించడం తప్పని నేను అనను. మనిషి కనిపించడం లేదన్న కేసులో మొదటి రోజుల్లోనే అజాగ్రత్త ఎక్కువ జరుగుతుంది, దానికి కారణం కూడా ఉంది. అప్పటికది "మ్యాన్ మిస్సింగ్" ఎఫ్ఐఆర్ మాత్రమే. నేరం జరిగిందని ఎవరూ అనుకోరు. ఇంటివాళ్ళే బీరువా సర్దుతారు, బంధువులు బండి ఇంటికి తెచ్చి కడుగుతారు, కానిస్టేబులు ఫోను అడిగి తీసుకెళ్ళి సొరుగులో పెడతాడు. సెక్షన్ మారుస్తూ ఆల్టరేషన్ మెమో పడే రోజుకి అన్నీ పదిమంది చేతులు మారి ఉంటాయి. ఆ చేతుల్లో చాలావరకు మంచి ఉద్దేశంతో ముట్టుకున్నవే. వాళ్ళంతా నోరు విప్పితేనే నిజం తెలుస్తుంది. "ముట్టుకున్నవాడే దొంగ" అని గ్రూపులో రాసిన రోజు వాళ్ళ నోళ్ళు మూతపడతాయి.

ఇది మన ఊళ్ళకే పరిమితం కాదు. 2008 మేలో నోయిడాలో ఆరుషి అనే అమ్మాయి హత్య జరిగినప్పుడు ఇంట్లో పనిచేసే హేమరాజ్ కనబడలేదు. పోలీసులు ఆయనే చంపి పారిపోయాడని అనుకుని, పట్టిచ్చినవాళ్ళకి 20 వేలు బహుమతి అన్నారు. డాబా మీదికి వెళ్ళే తలుపుకి తాళం ఉంది, పిడికి రక్తపు మరకలున్నాయి, ఆ తలుపు మాత్రం ఆ రోజు తెరవలేదు. మర్నాడు తెరిస్తే హేమరాజ్ శవం అక్కడే ఉంది. ఈలోపు ఇంట్లోకి బంధువులు, పొరుగువాళ్ళు, విలేఖరులు వచ్చి వెళ్ళారు. ఒక పూట చేసిన నిర్లక్ష్యం ఆ కేసుని చివరిదాకా వెంటాడింది.

ఆ కేసులో మన హైదరాబాదుకీ ఒక ముడి ఉంది. డీఎన్ఏ పరీక్షలు చేసిన ఇక్కడి సంస్థ సీడీఎఫ్‌డీ 2008 నివేదికలో, హేమరాజ్ రక్తం ఆరుషి తండ్రి క్లినిక్‌లో పనిచేసే కృష్ణ గదిలో దొరికిన ఊదారంగు దిండు గలీబు మీద ఉన్నట్టు ఉంది. 2011లో అదే సంస్థ, వస్తువుల వివరాలు రాయడంలో అటూఇటూ అయ్యాయనీ, అది టైపింగు పొరపాటనీ ఉత్తరం ఇచ్చింది. ఆ గలీబు ఎవరిదన్న దాని మీదే కేసు ఎటు తిరగాలో ఆధారపడి ఉంటే, దాని మీద కోర్టులో ఎంత వాదన నడిచి ఉంటుందో ఊహించండి. 2013లో సీబీఐ కోర్టు తల్లిదండ్రులకి శిక్ష వేసింది, 2017 అక్టోబరులో అలహాబాదు హైకోర్టు నిర్దోషులని వదిలేసింది. ఈలోపు టీవీల్లో ఆ కుటుంబం గురించి అన్నన్ని మాటలు మాట్లాడినవాళ్ళలో, ఆ గలీబు సంచీ మీది నంబరేమిటి, సీలు ఎవరు వేశారు, ఎవరు విప్పారు అని అడిగినవాళ్ళెంతమంది?

పోర్చుగల్‌లో 2007 మే 3న మాడెలీన్ మెక్‌కాన్ అనే బ్రిటిష్ పాప కనిపించకుండా పోయినప్పుడూ ఇదే జరిగింది. పాప పడుకున్న ఫ్లాటులోకి తొలిరాత్రే చాలామంది వెళ్ళి వచ్చారు. తర్వాత దాన్ని టూరిస్టులకి అద్దెకిచ్చి, మళ్ళీ ఆగస్టులో పరీక్షల కోసం మూశారు. తల్లిదండ్రులు అద్దెకి తీసుకున్న కారులో దొరికిన నమూనా గురించి బర్మింగ్‌హామ్ ల్యాబు శాస్త్రవేత్త, అందులో ఒకరికంటే ఎక్కువమంది డీఎన్ఏ కలిసిపోయిందనీ, దాన్నిబట్టి ఏమీ తేల్చలేమనీ రాశాడు. పత్రికల్లో మాత్రం అది పాప డీఎన్ఏ అని వచ్చేసింది. తల్లిదండ్రుల మీద రాసిన రాతలకి బ్రిటన్‌లోని ఎక్స్‌ప్రెస్ పత్రికలు 2008లో క్షమాపణ చెప్పి 5.5 లక్షల పౌండ్లు కట్టాయి. పాప ఏమైందో మాత్రం ఇప్పటికీ తేలలేదు.

కాబట్టి మీరు అడగాల్సింది "ఎవరు మార్చారు" అని కాదు. ప్రతి వస్తువుకీ ఒక వరుస ఉంటుంది, ఆ వరుస అడగండి. ఎవరి సమక్షంలో తీసుకున్నారు, సీలు ఎప్పుడు వేశారు, కోర్టు కానిస్టేబులు ఏ తేదీన కోర్టులో అప్పగించాడు, ల్యాబుకి ఎప్పుడు చేరింది, అక్కడ తీసుకునేటప్పుడు సీలు సరిగ్గా ఉందని రాశారా. ఈ తేదీల మధ్య చెప్పలేని ఖాళీ ఉంటే అప్పుడు మీ అనుమానానికి కాళ్ళొస్తాయి. ల్యాబు రిపోర్టు ఎంత గొప్పగా ఉన్నా ఆ ఖాళీని పూడ్చలేదు. డీఎన్ఏ నమూనాలు 48 గంటల్లో ల్యాబుకి చేరాలని, చేతులు మారిన ప్రతిసారీ రాసే రిజిస్టరు ఉండాలని సుప్రీంకోర్టు 2025 జులైలో తమిళనాడు కేసొకదానిలో ఆదేశించింది కూడా.

2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాక కుటుంబం చేతికి ఇంకొంత బలం వచ్చింది. సోదాలు, స్వాధీనాలు వీడియో తీయాలని బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 105వ సెక్షను చెబుతోంది. దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకి చెప్పాలని 193లో ఉంది. వీడియో, ఫోను లాంటివి కోర్టుకి వెళ్ళేటప్పుడు కొత్త సాక్ష్య చట్టంలోని 63వ సెక్షను కింద సర్టిఫికెట్టు ఉండాలి, పాత రోజుల్లో 65బి అనేవాళ్ళం. అందులో ఇప్పుడు హ్యాష్ విలువ, అంటే ఆ ఫైలు నుంచి కంప్యూటరు లెక్కగట్టే అంకెల వరుస, రాయాలి. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ అంకెల వరుస మొత్తం మారిపోతుంది. మీ బంకు వీడియో ఎడిట్ అయిందా లేదా అన్న ప్రశ్నకి గ్రూపులో వెయ్యి మెసేజులకంటే ఈ ఒక్క వరుసే ఎక్కువ జవాబు చెబుతుంది. స్టేషన్లో ఉలుకూపలుకూ లేకపోతే ఎస్పీకి రాయండి, ఆ తర్వాత మేజిస్ట్రేటు దగ్గర 175(3) కింద అర్జీ వేయించండి. మనిషిని ఎవరో నిర్బంధించారని అనుమానముంటే హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే పిటిషన్) వేస్తారు, దానికి మంచి వకీలు కావాలి.

మీరు రాసినదాన్ని బట్టి నాకు అన్నిటికంటే తొందరగా అనిపించేది బంకు డీవీఆర్. మూడు వారాలంటే అది చెరిగిపోయే అంచున ఉంది, చెరిగిపోయి కూడా ఉండొచ్చు. ఈ రోజే ఆ కుటుంబంలో ఒకరిని తీసుకుని వెళ్ళండి. ఓనరుతో గొడవ పడకుండా, డీవీఆర్ రికార్డింగు ఆపి హార్డ్ డిస్కు పక్కన పెట్టమని, కొత్త డిస్కు ఖర్చు మీరు పెట్టుకుంటామని అడగండి. డిస్కు మీరు తీసుకోకండి, ఆయన దగ్గరే ఉండాలి, పోలీసులే తీసుకోవాలి. అక్కణ్ణించి నేరుగా స్టేషనుకి వెళ్ళి బంకు పేరు, కెమెరా ఏ వైపు చూస్తోందో, ఏ తేదీ, ఏ గంట నుంచి ఏ గంట దాకా కావాలో రాసి ఎస్సైకి అర్జీ ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. గంటలు కాస్త ఎక్కువే రాయండి. ఆ రాత్రి మొత్తం, తెల్లారి ఎనిమిది దాకా అడగండి.