ఫ్రీలాన్స్ మానెయ్యమనే ముందు ఆయన దాచిన లెక్కలు బయటికి తీయించండి

దుబాయ్ నుంచి రాసిన నిజామాబాద్ చెల్లికి,

దుబాయ్‌లో టెక్ కంపెనీలుండే ఇంటర్నెట్ సిటీలో మంచి జీతం మీద వెబ్ డిజైనర్‌గా చేసే మీ ఆయన ఆ ఉద్యోగం వదిలేసి, సొంతంగా పనులు పట్టుకుని చేసుకునే ఫ్రీలాన్స్ పర్మిట్ తీసుకున్నాడు, మొదటి ఏడాది బాగానే నడిచింది, ఇప్పుడేమో పని తగ్గింది, చేసిన పనికి కూడా క్లయింట్లు నెలల తరబడి డబ్బులివ్వట్లేదు, ఓనర్‌కి ముందే తేదీ వేసిచ్చిన అద్దె చెక్కు వచ్చే నెల ఉంది, క్రెడిట్ కార్డు బాకీ సంగతి బ్యాంకు వాళ్లు ఫోన్ చేస్తేగానీ మీకు తెలీలేదు అన్నారు. పాపను తీసుకుని ఊరెళ్లిపోనా, లేక ఉద్యోగం చూసుకోమని పట్టుబట్టనా అని అడిగారు. నన్నడిగితే ఈ వారం రెండూ వద్దు.

మీ కోపం న్యాయమైనదే. అప్పు కంటే ఎక్కువ బాధపెట్టింది ఎవరో ముక్కూమొహం తెలీని మనిషి నోటి నుంచి ఆ మాట వినాల్సి రావడం. ఆయనతో అదే చెప్పండి, డబ్బు మాట తర్వాత. కానీ ఆయన ఎందుకు దాచాడో కూడా ఆలోచించండి, మన నిజామాబాద్, జగిత్యాల వైపు గల్ఫ్‌కి పోయినోడి విలువ నెలనెలా ఎంత పంపాడన్న దాని మీదే లెక్కేస్తారు, మీ అత్తమామలు "దుబాయ్‌లో ఉండి నాలుగు పైసలు పంపలేవా" అంటున్నారని మీరే రాశారు కదా, అలాంటి ఇంటికి కొడుకైనోడు పని లేదని ఎలా చెప్తాడు. దాచడం తప్పే, కాకపోతే అందులో మోసం కంటే సిగ్గే ఎక్కువ కనిపిస్తోంది నాకు.

ఇంకోటి, ఉద్యోగంలో పది వేల దిర్హాములు, ఫ్రీలాన్స్‌లో పది వేలు ఒకటి కాదు. 2000లో ఇంటర్నెట్ సిటీ మొదలైనప్పటి నుంచి అక్కడ టెక్ కంపెనీలు ఎంత పెరిగాయో మీరు చూస్తూనే ఉన్నారు, వాటిలో చాలా పని బయటి మనుషులతో చేయించుకుంటారు, ఎందుకంటే వాళ్లకి గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే డబ్బు, ఇవ్వక్కర్లేదు, లీవు ఇవ్వక్కర్లేదు. ఉద్యోగికైతే మొదటి ఐదేళ్లు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం చొప్పున గ్రాట్యుటీ పోగవుతుంది, 2023 నుంచి ఉద్యోగం పోతే ఇన్సూరెన్స్ కూడా ఉంది. మీ ఆయనకి ఇవేవీ లేవు, పైగా పర్మిట్, వీసా ఖర్చులు సొంతంగా పెట్టుకోవాలి. మొదటి ఏడాది బాగా వచ్చిందనుకున్న డబ్బులో కొంత ఇలాంటి నెలల కోసం పక్కన పెట్టాల్సింది, అది అప్పుడు ఇద్దరికీ తట్టలేదు.

ఈ శనివారమో ఆదివారమో పాప పడుకున్నాక కూర్చోండి. వీసా ఎప్పటిదాకా, పర్మిట్ రెన్యువల్ ఎప్పుడు, స్కూల్ ఫీజు, కార్డు బాకీ మొత్తం, ఆయనకి ఎవరెవరు ఎంత ఇవ్వాలి, అన్నీ ఒక కాగితం మీద రాయించండి. అన్నిటికంటే ముందు అద్దె చెక్కు. తేదీ రాకముందే ఓనర్‌తో మాట్లాడి కొంచెం గడువు అడగమనండి. 2022లో చట్టం మారాక చెక్కు బౌన్స్ అయితే కేసుల్లేవులే అనేవాళ్ల మాట నమ్మొద్దు, ఖాతాలో డబ్బు లేక బౌన్స్ అయితే ఇదివరకులా క్రిమినల్ కేసు కాకపోవచ్చు గానీ ఓనర్ నేరుగా కోర్టు ద్వారా వసూలుకి వెళ్లగలడు, ట్రావెల్ బ్యాన్ దాకా రావచ్చు.

మీ బంగారం కుదువ పెడదామంటున్నాడని రాశారు. ఆ కాగితం పూర్తయ్యేదాకా ఇవ్వకండి. ఎంత అప్పుందో తెలీకుండా ఇస్తే అదీ పోతుంది, అప్పూ మిగులుతుంది.

ఊరెళ్లే సంగతికొస్తే, మీ వీసా ఆయన స్పాన్సర్‌షిప్ మీద ఉంది, ఆరు నెలలు దాటి బయట ఉంటే మామూలుగా అది చెల్లకుండా పోతుంది, మళ్లీ తెచ్చుకోవాలంటే ఆయన ఆదాయం చూపించాలి, ఇప్పుడున్న పరిస్థితిలో అది కష్టం. అందుకే వెళ్తే సెలవులకి వెళ్లండి, అలిగి మాత్రం వద్దు.

బీఈడీ చేశానని, పక్క ఫ్లాట్ల పిల్లలకి లెక్కలు చెప్తున్నానని ఒక్క ముక్కలో రాసేసి వదిలేశారు, నాకు ఈ ఉత్తరంలో అన్నిటికంటే నచ్చిన మాట అదే. పర్మిట్ లేకుండా ట్యూషన్ చెప్పడం అక్కడ నేరం, కానీ 2023 చివర్లో ప్రైవేట్ టీచర్ పర్మిట్ తెచ్చారు, ఫీజు లేదు, రెండేళ్లు చెల్లుతుంది, ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవచ్చు. ముందు అది తీసుకోండి. డిగ్రీ అసలైనదేనని అధికారుల ముద్ర వేయించుకునే అటెస్టేషన్ అయ్యాక స్కూళ్లకి కూడా పెట్టండి, భర్త వీసా మీద ఉన్నవాళ్లు కూడా వర్క్ పర్మిట్‌తో ఉద్యోగం చెయ్యొచ్చు.

ఆయన ఉద్యోగాలకి ఇప్పటినుంచే అప్లై చెయ్యాలి, పర్మిట్ రెన్యువల్ తేదీకి పరిస్థితి మారకపోతే ఉద్యోగమే అని ఇద్దరూ కలిసి ముందే అనుకోండి. మీ మామగారికి మాత్రం ఆయనే ఫోన్ చేసి కొన్ని నెలలు పంపలేనని చెప్పాలి, ఆ పని మీరు నెత్తినేసుకోవద్దు, చెప్తే కోడలే మార్చేసిందంటారు.

రాత్రిళ్లు నిద్రపోవట్లేదు, "నేను లేకపోతే మీకు హాయి" అంటున్నాడని చివర్లో రాశారే, దాన్ని మాట వరసకన్నట్టు తీసుకోకండి. సూటిగా అడగండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అవునన్నా, జవాబు చెప్పకపోయినా ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. దుబాయ్‌లో మన కాన్సులేట్ వాళ్ల ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రంలో కౌన్సెలింగ్ ఉచితం, అప్పుల విషయంలో లీగల్ సలహా కూడా ఇస్తారు. ముందు మీరు ఒక్కరే ఫోన్ చేసినా పర్లేదు.