మెట్ల మీద నుంచి పడినందుకే ఫిట్స్ వచ్చాయా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది పెందుర్తి. మా బాబుకి తొమ్మిదేళ్ళు. మూడేళ్ళప్పుడు డాబా మెట్ల మీద నుంచి జారి పడ్డాడు. వెంటనే గట్టిగా ఏడ్చాడు, నుదుటి మీద బొప్పి కట్టింది. స్పృహ తప్పలేదు, వాంతులు కాలేదు. అప్పటి ఆస్పత్రి చీటీలో ‘జీసీఎస్ 15/15, సీటీ నార్మల్’ అని రాసి ఉంది. ఆరో ఏట నుంచి నిద్రలో ఫిట్స్ వస్తున్నాయి. ఎడమ చెయ్యి బిగుసుకుపోతుంది, కళ్ళు తెరిచే ఉంటాయి, అర నిమిషం కాళ్ళు కొట్టుకుంటాడు. కార్బమజెపైన్, లెవెటిరాసెటమ్ వాడుతున్నాం. అయినా నెలకి మూడు నాలుగు సార్లు వస్తూనే ఉన్నాయి. ఈమధ్య శక్తి ఎక్కువున్న 3 టెస్లా ఎంఆర్ఐ తీయిస్తే ‘కుడి ఫ్రంటల్ లోబ్‌లో ఫోకల్ కార్టికల్ డిస్‌ప్లేసియా’ అని రిపోర్టు వచ్చింది. నేను సరిగ్గా చూసుకోక పిల్లాడు పడ్డాడనీ, తలకి దెబ్బ తగిలి మెదడు పాడైందనీ మా అత్తగారు అంటున్నారు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పూట కూరగాయలు తరిగానని మా అమ్మ అంటోంది. ఏది నిజం? ఇది బ్రెయిన్ డ్యామేజేనా? మందుల వల్ల పొద్దున్నే మత్తుగా ఉంటున్నాడని పరీక్షల రోజుల్లో రాత్రి డోసు ఆపుతున్నాం. జ్ఞాపకశక్తికి మంచి టానిక్ చెప్పగలరు. రెండో బిడ్డ కోసం కూడా ఆలోచిస్తున్నాం.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు చాలా అడిగారు. కానీ నన్ను కంగారు పెట్టింది మీరు అడగని విషయం. పరీక్షల రోజుల్లో రాత్రి డోసు ఆపుతున్నామని మాట వరసకి రాసేసి, వెంటనే టానిక్ గురించి అడిగారు. మీ బాబుకి ఫిట్స్ వచ్చేదే నిద్రలో. ఆ వేళకి రక్తంలో మందు ఉండాలనే రాత్రి డోసు పెడతారు. అదే ఆపేస్తే ఎలా? ఈ రాత్రి నుంచే ఆ డోసు మళ్ళీ మొదలుపెట్టండి. మానేసింది ఒకటి రెండు రోజులైతే మామూలు డోసుతోనే మొదలుపెట్టవచ్చు. పోయిన డోసులన్నీ కలిపి ఒకేసారి వేయకూడదు. మానేసి ఎక్కువ రోజులైతే ముందు మీ డాక్టరుకి ఫోన్ చేసి, చెప్పిన ప్రకారం మొదలుపెట్టండి.

ముందు ఇంట్లో గొడవ సంగతి తేల్చేద్దాం. రిపోర్టులో ఉన్న మాట ప్రకారమైతే ఇది మెట్ల మీద పడినందువల్ల వచ్చింది కాదు. గ్రహణానికీ కూరగాయలకీ అంతకన్నా సంబంధం లేదు. ఎంఆర్ఐ సీడీ నేను చూడలేదు. రిపోర్టు కాగితం మీద మాటని బట్టే చెబుతున్నాను కాబట్టి మీ న్యూరాలజిస్ట్ సీడీ చూసి చెప్పిందే ఆఖరు.

గోడ కట్టేటప్పుడే ఇటుక వరస తప్పడం వేరు, కట్టిన గోడని లారీ గుద్దడం వేరు. మీ బాబుది మొదటి రకం. గర్భంలో మెదడు తయారయ్యేటప్పుడు నరాల కణాలు లోపల, నీటి గదుల పక్కన పుడతాయి. అక్కడి నుంచి పైకి ప్రయాణం చేసి, పొరలు పొరలుగా సర్దుకుంటే మెదడు పైభాగం, అంటే కార్టెక్స్ అవుతుంది. ఇదంతా ముఖ్యంగా రెండో నెల నుంచి ఐదో నెల మధ్యలో జరుగుతుంది. ఒకచోట కొన్ని కణాలు సరిగ్గా ఎదగకపోయినా, పొరల్లో సర్దుకోకపోయినా ఆ ముక్కని కార్టికల్ డిస్‌ప్లేసియా అంటాం. దీన్ని 1971లో మొదటిసారి వివరంగా రాశారు. కణాలు దారి మధ్యలోనే ఆగిపోతే హెటెరోటోపియా. మడతలు పడాల్సిన మెదడు నున్నగా మిగిలిపోతే లిసెన్‌సెఫలీ. రెండు అర్ధగోళాలని కలిపే కార్పస్ కలోసమ్ ఏర్పడకపోవడం కూడా ఈ కోవలోదే. వెన్నుపాము, మెదడు తయారయ్యే గొట్టం, న్యూరల్ ట్యూబ్ అయితే ఇంకా ముందు, గర్భం దాల్చిన 28 రోజుల్లోపే మూసుకుపోతుంది. చాలామందికి నెల తప్పిన సంగతి కూడా అప్పటికి తెలియదు.

తలకి దెబ్బ తగలడం అలా ఉండదు. సక్రమంగా తయారైన మెదడుకి ఒక క్షణంలో జరిగే నష్టం అది. మెదడు కమిలిపోవడం, రక్తం గడ్డకట్టడం, నరాల తీగలు తెగడం, వాపు. దెబ్బ తీవ్రతని మొదట జీసీఎస్‌తో, అంటే గ్లాస్గో కోమా స్కేల్‌తో కొలుస్తాం. గ్లాస్గోలో 1974లో తయారైన లెక్క ఇది, కళ్ళు తెరవడం, మాట, కదలిక చూసి 3 నుంచి 15 దాకా వేస్తాం. 13 నుంచి 15 వస్తే తేలిక దెబ్బ, 9 నుంచి 12 మధ్యస్థం, 8 అంతకన్నా తక్కువైతే తీవ్రం. మీ చీటీలో 15కి 15 ఉంది. వెంటనే ఏడ్చాడు, వాంతులు లేవు, సీటీలో రక్తం లేదు. ఇంత తేలిక దెబ్బకి మూడేళ్ళ తర్వాత ఫిట్స్ వచ్చే రిస్క్ చాలా తక్కువ.

ఎంఆర్ఐలో కూడా రెండూ ఒకేలా కనబడవు. పాత దెబ్బ మచ్చ అయితే అక్కడ మెదడు కరిగి, గుంటలా పడి, నీరు నిండి ఉంటుంది. రక్తం మరకలు కొన్ని రకాల ఎంఆర్ఐ బొమ్మల్లో నల్లగా కనబడతాయి. ఎక్కువగా నుదుటి వెనకాల ఉండే ఫ్రంటల్ లోబ్ అడుగున, కణతల దగ్గరుండే టెంపొరల్ లోబ్ కొసన ఉంటాయి, పుర్రె లోపలి గరుకు ఎముక అక్కడే రాచుకుంటుంది కాబట్టి. డిస్‌ప్లేసియాలో మెదడు తరగదు. కార్టెక్స్ కాస్త దళసరిగా ఉంటుంది, బూడిద రంగు పొరకీ తెల్ల పొరకీ మధ్య గీత చెరిపేసినట్టు ఉంటుంది, కొందరిలో అక్కడి నుంచి లోపలి నీటి గది దాకా సన్నటి తోక కనబడుతుంది. ఇది సీటీలో సాధారణంగా దొరకదు, మామూలు ఎంఆర్ఐలో కూడా తప్పిపోతుంది. అందుకే ఆరేళ్ళ కిందటి సీటీ నార్మల్ అని వచ్చిందంటే నాకేం ఆశ్చర్యం లేదు. సీటీ ఉన్నది కొత్త రక్తాన్ని చూడటానికి, దాని పని అది చేసింది.

పుట్టుకతో ఉంటే ఆరో ఏట దాకా ఎందుకు ఆగింది అని మీ అత్తగారు అడుగుతారు. చాలామందిలో ఇలాగే ఉంటుంది. లోపం మొదటి నుంచీ అక్కడే ఉంటుంది, ఫిట్స్ మాత్రం బడికెళ్ళే వయసులో, కొందరికి పెద్దయ్యాక మొదలవుతాయి. మెదడు కుడి సగం ఒంటి ఎడమ వైపుని నడుపుతుంది, కాబట్టి ఎడమ చెయ్యి బిగుసుకోవడం కుడి ఫ్రంటల్‌తో సరిపోతోంది. నిద్రలో, కొద్ది సెకన్లు, కాళ్ళు కొట్టుకోవడం కూడా ఫ్రంటల్ లోబ్ తరహానే. ఇలాంటి పిల్లల్ని మూడు నెలలు ‘పీడకల, దడుపు’ అని తాయెత్తులతో తిప్పాక తీసుకొస్తుంటారు, మీరు ఆ పని చేయలేదనుకుంటాను.

ఇక డోసు సంగతికి వస్తాను, ఎందుకంటే మీ బాబు విషయంలో రాబోయే పెద్ద నిర్ణయం దీని మీదే ఆధారపడి ఉంది. సరైన మందులు రెండు, సరైన మోతాదులో, సరిగ్గా వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకి లొంగని మూర్ఛ అంటాం. అంతర్జాతీయంగా 2010 నుంచి పాటిస్తున్న నిర్వచనం ఇది. డిస్‌ప్లేసియా ఉన్న పిల్లల్లో ఇది తరచూ చూస్తాం. లొంగలేదని తేలితే మూడో మందు, నాలుగో మందు అంటూ ఏళ్ళు గడపకుండా ఆపరేషన్‌కి పనికొస్తుందేమో చూడాలి. కానీ మధ్యమధ్యలో డోసులు ఎగ్గొడుతుంటే మందు పనిచేయలేదా, మందు వేయలేదా? ఏ డాక్టరూ తేల్చలేడు. ఓపీలో అడిగితే అందరూ ‘రోజూ వేస్తున్నామండీ’ అనే అంటారు. స్ట్రిప్ చూపించమంటే అందులో ఎక్కువ మాత్రలు మిగిలి ఉంటాయి. మీరు నిజం రాశారు, అందుకు సంతోషమే. అదే నిజం మీ డాక్టరుకి కూడా చెప్పండి, తిడితే పడండి.

మత్తు మాత్రం నిజమైన ఇబ్బందే, కాదనను. కానీ దానికి దారులున్నాయి. కార్బమజెపైన్‌తో కొందరిలో రక్తంలో సోడియం తగ్గి నీరసం, మత్తు వస్తాయి. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ తోడైతే కార్బమజెపైన్ మోతాదు రక్తంలో పెరిగి పిల్లాడు తూలతాడు. జలుబు సిరప్‌లు కూడా మత్తునిస్తాయి. దగ్గుకీ జలుబుకీ మందుల షాపులో అడిగి వేసే అలవాటుందా? రాయలేదు. ఉంటే మానేయండి. షాపులో ఒక నెల ఒక కంపెనీ మాత్ర, మరో నెల ఇంకో కంపెనీది ఇస్తే తీసుకోకండి, కుదిరినంతవరకూ ఒకటే వాడండి. మామూలు మాత్రని నెమ్మదిగా విడుదలయ్యే రకానికి మార్చడం, డోసు వేళలు సర్దడం, ఒక మందు తగ్గించి చూడటం, ఇవన్నీ చేయవచ్చు. చేయాల్సింది మీ డాక్టరు. రాత్రంతా ఫిట్స్‌తో నిద్ర చెడిన పిల్లాడు కూడా పొద్దున్న మత్తుగానే ఉంటాడు, అది కూడా ఆలోచించండి.

చెప్పక తప్పని మాట ఒకటి. అదుపులో లేని ఫిట్స్ ఉన్నవాళ్ళలో, ముఖ్యంగా నిద్రలో ఒళ్ళంతా కొట్టుకునే ఫిట్స్ ఉన్నవాళ్ళలో, అరుదుగానైనా అకస్మాత్తుగా ప్రాణం పోతుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. కానీ పరీక్ష మళ్ళీ రాయవచ్చు. పక్కగదిలో ఒక్కణ్ణీ పడుకోబెట్టకండి. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఫోన్‌లో టైము చూడండి, కుదిరితే వీడియో తీయండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో స్పూను పెట్టడం వద్దు. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా 108కి ఫోన్ చేయండి. ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే ఇంట్లో ఉంచుకోవచ్చేమో డాక్టరుని అడిగి, మోతాదు రాయించుకోండి. ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తే నీళ్ళలోకి ఒంటరిగా వదలకండి. డాబా మీద పిట్టగోడ ఎక్కనివ్వకండి.

పేరూ ఊరూ లేని ఫిట్స్ పొడుల జోలికి కూడా వెళ్ళకండి. ‘మూలికలే’ అని అమ్మిన పొడుల్లో ఫెనోబార్బిటోన్ కలిపినట్టు మన దేశంలోనే బయటపడింది.

ఆపరేషన్ మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. డిస్‌ప్లేసియా ఒకేచోట ఉండి, దాన్ని మొత్తంగా తీసేయగలిగితే సగానికి పైగా పిల్లల్లో ఫిట్స్ ఆగిపోతాయి. పుట్టుకతో వచ్చింది కాబట్టి ఏం చేయలేం అనుకోవడం ఇక్కడ తప్పు. మీ బాబుకి పనికొస్తుందో లేదో వీడియో ఈఈజీ (ఫిట్స్ వీడియోతో పాటు మెదడులోని విద్యుత్తుని నమోదు చేసే పరీక్ష), మిగతా పరీక్షలు చూశాకే తెలుస్తుంది. ఫ్రంటల్ లోబ్‌లో కదలికల కేంద్రం దగ్గర్లో ఉంటే కష్టం కూడా కావచ్చు. తిరువనంతపురం శ్రీచిత్ర ఆస్పత్రిలో 1995 నుంచీ ఈ ఆపరేషన్లు చేస్తున్నారు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లోనూ ఉన్నాయి. విశాఖలో ముందు కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) న్యూరాలజీ ఓపీలోనో, మీరు చూపిస్తున్న డాక్టరు దగ్గరో ‘సర్జరీ అసెస్‌మెంట్‌కి పంపుతారా’ అని సూటిగా అడగండి. తొమ్మిదేళ్ళకి అడిగితే తొందరేం కాదు.

రెండో బిడ్డ గురించి. మీది మేనరికమా, చెప్పలేదు. మన ఉత్తరాంధ్రలో మేనమామ కూతురు, అక్క కూతురు సంబంధాలు మామూలే, కానీ కొన్ని రకాల మెదడు లోపాలు దగ్గరి సంబంధాల్లోనే ఎక్కువ కనబడతాయి. ఫోకల్ కార్టికల్ డిస్‌ప్లేసియా చాలావరకూ ఆ చిన్న ముక్కలోని కణాల్లో మాత్రమే వచ్చిన జన్యు మార్పు, తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు, కాబట్టి రెండోసారి రావడం సాధారణంగా అరుదు. అయినా ఇంట్లో ఇంకెవరికైనా ఫిట్స్ ఉంటే జన్యు సలహా తీసుకోండి. గర్భానికి కనీసం నెల ముందు నుంచి రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోండి. అది న్యూరల్ ట్యూబ్ లోపాలని తగ్గిస్తుంది, డిస్‌ప్లేసియాని ఆపదు. మీరే ఏవైనా ఫిట్స్ మందులు వాడుతుంటే, ముఖ్యంగా వాల్‌ప్రోయేట్, ముందే డాక్టరుతో మాట్లాడాలి.

తలకి దెబ్బ గురించి ఒక మాట, మీ బాబు మళ్ళీ పడతాడు కాబట్టి. పడ్డాక వాంతులు ఆగకపోయినా, మగతగా ఉన్నా, ఒక కంటిపాప పెద్దదైనా, ముక్కు చెవుల్లోంచి నీరు కారినా అదే రోజు ఆస్పత్రి. మధ్యలో ఒకటి రెండు గంటలు బాగానే ఉండి ఒక్కసారిగా మగతలోకి జారిపోయేవాళ్ళు ఉన్నారు, లోపల రక్తం చేరుతూ ఉంటుంది. ఇంట్లో పెద్దాయనకి రక్తం పలచబడే మందులుంటే చిన్న దెబ్బ తర్వాత కొన్ని వారాలకి కూడా తలనొప్పి, తడబాటు రావచ్చు. హైవే మీద హెల్మెట్‌ని అద్దానికి తగిలించుకుని వెళ్ళేవాళ్ళ గురించి వేరే వారం రాస్తాను.

వచ్చే వారంలో మీ డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు రిపోర్టు కాగితంతో పాటు ఎంఆర్ఐ సీడీ, పాత చీటీ, ప్రస్తుతం వాడుతున్న స్ట్రిప్పులు, ఫిట్స్ వీడియో పట్టుకెళ్ళండి. ఇది పత్రికలో ఇచ్చే సాధారణ సలహా మాత్రమే, పిల్లాడిని చూడకుండా మందు మార్చమని నేను చెప్పను. టానిక్ అవసరం లేదు. ఆ సీసాకి పెట్టే డబ్బుతో సోడియం పరీక్ష చేయించండి.