కారుతున్న పాత పెంకుటింటికి రేకులా, స్లాబా? పక్కన కట్టే కొత్త గదులకు ఏం వేయాలి?

మీది మట్టి గోడల ఇల్లు అన్నారు కాబట్టి పాతింటికి పెంకే ఉంచండి. స్లాబ్ కొత్త గదులకు వేసుకోండి.

అమలాపురం దగ్గర మా పాతింటికీ ఇదే సమస్య వచ్చింది. అడిగిన మేస్త్రీలంతా స్లాబే అన్నారు. బరువు లెక్క చూడండి. ఒకదానిలో ఒకటి కూర్చునేలా గాడి ఉన్న మంగుళూరు పెంకులు చదరపు మీటరుకు 15 దాకా పడతాయి, సుమారు 40 కిలోలు. అదే చోట అయిదంగుళాల స్లాబ్ 300 కిలోలు దాటుతుంది. మట్టి గోడలు అంత మోయలేవు. పిల్లర్లు లేపి వేయడమంటే కొత్త ఇల్లు కట్టినట్టే.

కారుతోందంటే తప్పు పెంకుదే అనుకోకండి. పెంకులు ఆనే సన్న కర్రలు, అంటే రీపర్లు, చెదపట్టి కుంగితే పెంకుల గాడి విడిపోతుంది. రెండు వాలులు కలిసే కొప్పు దగ్గర సిమెంటు పగులుతుంది. కోతులు సరేసరి. కొప్పు నుంచి చూరు దాకా పురికొస బిగించి పట్టండి, ఎక్కడ కుంగిందో తెలిసిపోతుంది. మేం పెంకంతా దించి, పాడైన వాసాలు, రీపర్లు మార్చి మళ్ళీ నేయించాం. దించిన ప్రతి పెంకునూ వడ్రంగి వేలి కణుపుతో కొట్టి చూశాడు. ఖంగుమంటే ఉంచాడు, బొంగురుగా పలికితే పక్కన పడేశాడు. చాలావరకు మళ్ళీ పనికొచ్చాయి. తక్కువైనవి ఇళ్ళు పడగొట్టేచోట దొరుకుతాయి గానీ, మీ పెంకు ఒకటి వెంట తీసుకెళ్ళండి. అచ్చు వేరైతే గాడిలో కూర్చోదు.

రేకుల జోలికి మాత్రం వెళ్ళొద్దు. ఇనప రేకులు మన ఉప్పుగాలికి తుప్పు పడతాయి, బిగింపు సరిగా లేకపోతే తుపానుకు లేచిపోతాయి, ఎండాకాలం మధ్యాహ్నం వాటికింద పెద్దవాళ్ళు ఉండలేరు. సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పశువుల పాక మీద పాతవి ఉంటే కోయడం, తూట్లు పొడవడం చేయకండి, ఆ దుమ్మే ప్రమాదం.

కొత్త స్లాబ్‌కు నీళ్ళు నిలవకుండా వాటం పెట్టించండి, పైన తెల్ల టైల్స్ వేస్తే వేడి బాగా తగ్గుతుంది. అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది పాత చూరు, కొత్త గోడ కలిసేచోటు. చూరునీళ్ళు ఆ గోడ మీద పడితే ఏ కప్పు వేసినా చెమ్మ తప్పదు. మధ్యలో మనిషి దిగి ఆకులు తీసేంత సందు వదిలి, నీళ్ళు వీధివైపు పోయేలా కాలువ కట్టించండి. పునాది తీసేముందే మేస్త్రీతో ఈ మాట తేల్చుకోండి.