గుండ్రని గింజలను మళ్లీ నాటిన సంగతి కూడా రాయండి

ప్రియ మిత్రులకు,

నమస్కారం. అనువంశికత గురించి మీరు రాసి పంపిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. బ్రనో పట్టణంలోని మఠం, అక్కడి సన్యాసి మెండెల్ పెంచిన బఠాణీ మొక్కలు, 3:1 నిష్పత్తి అన్నీ సక్రమంగానే ఉన్నాయి. అయితే విషయం నిజంగా లోతుకు వెళ్లబోయే చోటనే మీ వ్యాసం ముగిసిపోయింది. పాఠ్యపుస్తకం చదివి వచ్చిన వాళ్లలో చాలామంది అక్కడే ఆగిపోతారు కాబట్టి ఈ ఒక్క సంగతినే వివరంగా రాస్తున్నాను.

గుండ్రని గింజల రకాన్ని ముడతల గింజల రకంతో సంకరం చేసినప్పుడు మొదటి తరంలో అన్నీ గుండ్రని గింజలే వచ్చాయి. వాటి నుంచి ఎదిగిన మొక్కల్లో ఆత్మపరాగ సంపర్కం జరగనిచ్చినప్పుడు వచ్చిన 7,324 గింజల్లో 5,474 గుండ్రనివి, 1,850 ముడతలు పడినవి. మీరు ఇక్కడ ఆగారు, మెండెల్ ఆగలేదు. ఆ గుండ్రని గింజల్లో కొన్నింటిని మళ్లీ నాటి, ఎదిగిన 565 మొక్కల్లో ఏ మొక్కకు ఎలాంటి గింజలు కాశాయో విడివిడిగా చూశారు. 193 మొక్కలకు గుండ్రని గింజలే కాశాయి. మిగిలిన 372 మొక్కలకు గుండ్రనివీ ముడతలవీ రెండూ కాశాయి. అంటే కంటికి ఏ తేడా లేకుండా కనిపించిన ఆ గుండ్రని గింజల్లో దాదాపు మూడింట రెండు వంతులు ముడతల లక్షణాన్ని లోపల మోస్తూనే ఉన్నాయి. బయటికి 3:1గా కనిపించేది లోపల 1:2:1 (గుండ్రని లక్షణం మాత్రమే ఉన్నవి ఒక వంతు, రెండూ మోసేవి రెండు వంతులు, ముడతల లక్షణం మాత్రమే ఉన్నవి ఒక వంతు) అని తేల్చింది ఈ లెక్కే. దీన్ని వదిలేస్తే పాఠకుడికి నిష్పత్తి గుర్తుంటుంది గాని, అది ఎందుకు వచ్చిందో తెలియదు.

ఈ లెక్క తరువాతే సూత్రం చెప్పండి. ప్రతి మొక్కలోనూ ఒక్కో లక్షణానికి రెండేసి కారకాలు (ఇప్పుడు మనం జన్యువు ప్రతులు అంటున్నవి) ఉంటాయి. సంయోగబీజాలు (కలిసి కొత్త మొక్కకు మూలమయ్యే స్త్రీ, పురుష బీజకణాలు) ఏర్పడేటప్పుడు అవి విడిపోయి, ఒక్కో బీజంలోకి ఒక్కటే, ఏది అన్నది యాదృచ్ఛికంగా, చేరుతుంది. పక్కపక్కనే ఉన్నంతకాలం అవి పాలూ నీళ్లలా కలిసిపోవు. అందుకే ఒక తరం పాటు కనిపించకుండా పోయిన ముడత మరుసటి తరంలో ఏమాత్రం పలచబడకుండా తిరిగి వచ్చింది. మీ వ్యాసంలో ‘తల్లిదండ్రుల రక్తం బిడ్డలో కలుస్తుంది’ అన్న వాక్యం ఉంది. దాన్ని తప్పక తీసివేయండి, ఎందుకంటే మెండెల్ తన లెక్కలతో కాదన్నది సరిగ్గా ఆ కలయికనే.

బహిర్గత లక్షణం (గుండ్రదనంలా సంకరంలో పైకి కనిపించేది) బలమైనదనీ, అంతర్గత లక్షణం (ముడతలా లోపల దాగి ఉండేది) బలహీనమైనదనీ మీరు రాసిన పేరా కూడా మార్చవలసిందే. ముడతకు కారణమేమిటో 1990లో తేలింది. పిండిపదార్థపు అణువులకు కొమ్మలు కట్టే ఒక ఎంజైమ్ తాలూకు జన్యువులోకి అదనపు డీఎన్‌ఏ ముక్క ఒకటి చొరబడడంతో ఆ ఎంజైమ్ పనిచేయడం లేదు. దాంతో గింజలో చక్కెర పేరుకుని, నీరు ఎక్కువగా చేరి, పక్వమై ఎండేటప్పుడు గింజ ముడుచుకుపోతుంది. రెండు ప్రతుల్లో ఒకటి బాగున్నా గింజ గుండ్రంగా నిలవడానికి సరిపడా ఎంజైమ్ తయారవుతుంది. ఇందులో ఒక జన్యువు మరొకదాన్ని అణచివేయడం లేదు. పైగా అలాంటి సంకర గింజలోని పిండి రేణువులను సూక్ష్మదర్శినిలో చూస్తే అవి రెండు రకాలకూ మధ్యస్థంగా కనిపిస్తాయి. కాబట్టి ఏది బహిర్గతమన్నది మనం ఏ స్థాయిలో చూస్తున్నామన్న దాన్ని బట్టి కూడా మారుతుంది. బహిర్గతమైనదే ఎక్కువమందిలో ఉంటుందన్నది మరో అపోహ. ‘O’ రక్తవర్గం అంతర్గత లక్షణమే అయినా ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్నది అదే.

ఇక మనుషుల ఉదాహరణగా మీరు తీసుకున్న కంటిరంగును వదిలేయండి. అది ఎన్నో జన్యువుల మీద ఆధారపడిన లక్షణం. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ వ్యాధిని తీసుకోండి. ఆదిలాబాద్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా దాకా మన గిరిజన కుటుంబాలు మోస్తున్న వ్యాధి అది. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్ రావడమే దానికి మూలం. జన్యువు రెండు ప్రతుల్లో మారినది ఒక్కటే ఉన్నవారిని వాహకులు అంటారు. వారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు, ప్రాణాంతకమైన మలేరియా నుంచి వారికి కొంత రక్షణ కూడా ఉంటుంది. మలేరియా తరతరాలుగా ఉన్న ప్రాంతాల్లో ఈ జన్యువు నిలిచిపోవడానికి కారణం ఇదే.

తల్లిదండ్రులు ఇద్దరూ వాహకులైతే బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ వాక్యం దగ్గర ఎంతో జాగ్రత్త అవసరం. మొదటి బిడ్డకు వ్యాధి వస్తే తరువాతి ముగ్గురూ క్షేమమని దీని అర్థం కాదు. ప్రతి గర్భంలోనూ అవకాశం మళ్లీ అంతే. అలా నమ్మి మోసపోయే కుటుంబాలను తలచుకుంటే ఒక వాక్యం అదనంగా రాయడం ఎంతమాత్రం బరువు కాదు. ఆ వెంటనే, వ్యాధి ఉన్న బిడ్డకు ఆరోగ్యంగా ఉన్న అన్నో చెల్లెలో వాహకులై ఉండే అవకాశం ఎంతో చెప్పండి. మూడింట రెండు వంతులు, అంటే బఠాణీ మొక్కల్లో 565కు 372గా కనిపించినదే. పెళ్లికి ముందు ఆ చెల్లెలికి రక్తపరీక్ష ఎందుకు అవసరమో మీ పాఠకుడికి అప్పుడు ఎవరూ వేరుగా బోధించనక్కర్లేదు.

మన ఇళ్లలో చదివే వ్యాసం కాబట్టి మేనరికం గురించి రాయకుండా ఉండలేరు. నిందించకుండా, భయపెట్టకుండా లెక్క మాత్రం రాయండి. ఏదైనా ఒక జన్యువు తాలూకు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి ఒకే ప్రతి నుంచి బిడ్డకు వచ్చే అవకాశం మేనమామను చేసుకుంటే ఎనిమిదింట ఒకటి, మేనబావను చేసుకుంటే పదహారింట ఒకటి. లోపం కొత్తగా పుట్టదు, కుటుంబంలో దాగి ఉన్నదే రెండు వైపుల నుంచీ వచ్చి కలుస్తుంది. అది తల్లి వైపు తప్పు అని అనుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి గనుక, ఒక ప్రతి తండ్రి నుంచే రావాలన్న మాటను స్పష్టంగా పెట్టండి.

ఒక లక్షణపు కారకాలు మరో లక్షణపు కారకాలతో సంబంధం లేకుండా విడిపోతాయని చెప్పే స్వతంత్ర వ్యూహన సూత్రానికి ఒక పేరా చాలు. ఒకే క్రోమోజోముపై దగ్గరగా ఉన్న జన్యువులకు అది వర్తించదని మాత్రం మరవకండి. తిరగరాసిన ప్రతిని పంపితే, పత్రికకు వెళ్లేలోగా అంకెలన్నీ నేను కూడా సరిచూస్తాను.

శుభాకాంక్షలతో,
మీ శ్రేయోభిలాషి