వాడుక పెట్టుకో

అమ్మలూ,

ఆదివారం రాత్రి ఫోన్‌లో నువ్వు అన్న మాట నన్ను వదలడం లేదు. "జీతం వస్తోంది, రూమ్ బాగానే ఉంది, ఎవరితోనూ గొడవల్లేవు. అయినా రోజులు ఎటు పోతున్నాయో తెలియడం లేదు పెద్దమ్మా" అన్నావు. నేను అప్పటికేదో సర్దిచెప్పాను. ఫోన్ పెట్టేశాక, అది నీకు ఇవ్వాల్సిన జవాబు కాదనిపించింది. ఇరవై మూడేళ్ళప్పుడు నేనూ అచ్చం నీలాగే ఉన్నాను. ఫోన్‌లో అయితే సగమే చెబుతాను కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

1987 ఫిబ్రవరిలో నేను విశాఖపట్నం వచ్చి ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరాను. అల్లిపురంలో ఒక గది, అందులో ఇద్దరం. డ్యూటీ, నిద్ర, బట్టలు ఉతుక్కోవడం, మళ్ళీ డ్యూటీ. సరదాలన్నీ తర్వాతకి అట్టేపెట్టాను. తమ్ముడి చదువు అయ్యాక, చేతిలో కాస్త డబ్బు నిలిచాక, పెళ్ళయ్యాక అనుకుంటూ పదకొండు నెలలు గడిపేశాను.

సంక్రాంతి ముందు ఒకరోజు మీ తాతయ్య రాజాం నుంచి బస్సులో వచ్చారు. సంచిలో ఉడకబెట్టిన తేగలు. నేను నైట్ డ్యూటీ చేసి వచ్చి ఉన్నాను. "కాసేపు పడుకుంటాను నాన్నా" అని వాలితే, మెలకువ వచ్చేసరికి నాలుగైంది. ఆయన ఆ గదిలో ఒక్కరే కూర్చుని, తేగలన్నీ ఒలిచి, నార తీసి, పళ్ళెంలో పేర్చి పెట్టారు. నేను లేవగానే అడిగింది ఒక్కటే. "సముద్రం ఓపాలి చూసి ఎల్తానమ్మా."

బీచ్‌కి తీసుకెళ్ళాను. పంచె మోకాళ్ళ పైకి కట్టి, అరగంట సేపు అలల్లో నిలబడ్డారు. మాట్లాడలేదు. కాళ్ళ కింద ఇసుక జారిపోతున్నప్పుడల్లా చిన్నపిల్లాడిలా నా చెయ్యి పట్టుకున్నారు. గట్టు ఎక్కాక అన్నారు, "ఈ నీరంతా నీకు రోజూ అవుపడతాదేటమ్మా?"

అవునని చెప్పలేకపోయాను. ఆసుపత్రి నుంచి పావుగంట నడిస్తే సముద్రం. పదకొండు నెలల్లో నేను వెళ్ళింది రెండే సార్లు. ఆయన్ని రాత్రి బస్సెక్కించి వచ్చి, నేను ఆ పళ్ళెం ముందు చాలాసేపు కూర్చున్నాను.

ఆ తర్వాత నేను చేసిన పని చెబుతాను. మనిళ్ళల్లో వాడుక అంటాం కదా. పాలు వాడుక, పూలు వాడుక. వాడుక పెట్టుకున్నాక పాలాయన రోజూ వస్తాడు. ఇవాళ నీకు మనసు బాగుందా, పాలు పొయ్యనా వద్దా అని అడగడు. నువ్వు నవ్వుతూ తలుపు తీసినా ఏడుస్తూ తీసినా గిన్నెలో పాలు పడతాయి. సంతోషానికి కూడా అలాగే వాడుక పెట్టుకోవచ్చని నాకు అప్పుడు తట్టింది. అప్పటిదాకా మనసు బాగున్నప్పుడు బీచ్‌కి వెళ్దాం అనుకునేదాన్ని. మనసు బాగుండటం కోసమే వెళ్ళాలని తెలియదు.

నైట్ డ్యూటీ అయిన ప్రతి పొద్దునా పావుగంట గట్టు మీద కూర్చుని ఇంటికి వెళ్ళాలని పెట్టుకున్నాను. మొదటి పదిహేను రోజులు ఏమీ అనిపించలేదు, ఆ సంగతి నీకు దాచను. కళ్ళు మండేవి, ఎప్పుడు మంచం ఎక్కుదామా అనిపించేది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. మూడో వారంలో ఒకరోజు, నీళ్ళ రంగు నిన్నటిలా లేదని నాకు తెలిసింది. నిన్న ఎలా ఉందో తెలిస్తేనే కదా ఇవాళ మారిందని తెలిసేది! ఆ పొద్దున నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత తెప్పలు ఏ వేళకి తిరిగొస్తాయో, ఏ నెలలో గాలి ఎటు నుంచి కొడుతుందో ఒక్కొక్కటీ తెలిశాయి. కొట్లో వాడుకగా కొనేవాళ్ళకి కొసరు వేస్తారు చూడు, సముద్రం కూడా అంతే.

నువ్వేమో కొత్తది ఏదీ జరగడం లేదని బాధపడుతున్నావు. కొత్తదాని కోసం సెలవులు, డబ్బు, తోడు, అన్నీ కుదరాలి. అరకు రైలు టికెట్ దొరకాలి. అవి కుదిరినప్పుడు తప్పకుండా వెళ్ళు, నేను వద్దనను. మిగిలిన మూడువందల రోజులకి మాత్రం వాడుకే దిక్కు.

నీకు ఎక్కడ మొదలుపెట్టవచ్చో నాకు కనిపిస్తోంది. నువ్వు ఋషికొండ నుంచి ఎంవీపీ కాలనీకి ఆఫీసు క్యాబ్‌లో, తల ఫోన్‌లో పెట్టుకుని వస్తావు. వారానికి ఒక్కరోజు బీచ్ రోడ్డు మీదుగా వచ్చే సిటీ బస్సెక్కు. 2025 ఆగస్టు 15 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ కూడా లేదు కదా. నగరంలోకి వచ్చేటప్పుడు సముద్రం ఎడమ చేతి వైపు ఉంటుంది, ఆ కిటికీ పట్టుకో. సాగర్ నగర్ దాటి జోడుగుళ్ళపాలెం వచ్చేసరికి గాలి మొహానికి కొడుతుంది. ఇదే దారి డిసెంబరులో అయితే ఐదున్నర దాటగానే చీకటి, జూన్‌లో అయితే ఆరున్నరకి కూడా వెలుగు. అదే బస్సు, అదే కిటికీ అయితేనే ఏడాది తిరగడం నీకు కనిపిస్తుంది. రోజులు ఎటు పోతున్నాయో తెలియడం లేదన్నావు, అవి ఇటే పోతున్నాయి తల్లీ.

ఆదివారం పదింటిదాకా పడుకో, నీ వయసుకి ఆ నిద్ర కావాలి. నెలకి ఒక్క ఆదివారం మాత్రం తెల్లవారకముందే లేచి ఆర్కే బీచ్‌కి వెళ్ళు. పొద్దున్నే కాసేపు ఆ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. అంత వెడల్పు రోడ్డు మధ్యలో హారన్ వినకుండా నడవడం ఈ ఊళ్ళో వేరే ఏ వేళా దొరకదు. మనది తూర్పు తీరం కాబట్టి సూర్యుడు నీళ్ళలోంచే లేస్తాడు. జూన్‌లో ఐదున్నర లోపే వచ్చేస్తాడు, జనవరిలో ఆరున్నర దాకా ఆగుతాడు. బద్ధకం ఉంటే జనవరిలో మొదలుపెట్టు.

తిండి విషయంలో నా మాట గట్టిగా ఉంటుంది, ఏమీ అనుకోకు. రోజుకో యాప్‌లో రోజుకో హోటల్ నుంచి తెప్పించుకుంటే ఎవరూ నిన్ను ఎరగరు. మీ హాస్టల్ సందు చివర ఇడ్లీ బండి ఉందన్నావు. అక్కడ వాడుక పెట్టుకో. నెల తిరిగేసరికి ఆవిడ నిన్ను చూడగానే అల్లం చట్నీ రెండో గరిటె వేస్తుంది. రెండు రోజులు కనబడకపోతే, "ఊరెళ్ళావా అమ్మా" అని అడుగుతుంది. సొంత ఊరు కాని చోట, నువ్వు రాలేదని గమనించే మనిషి ఒకరుండటం ఎంత పెద్ద సంగతో నేను చెప్పలేను.

దీని విలువ నాకు 2014 అక్టోబరులో బాగా తెలిసింది. హుద్‌హుద్ వచ్చినప్పుడు నువ్వు చిన్నపిల్లవి, పైగా ఊళ్ళో లేవు. 12వ తారీకు, ఆదివారం. గంటకు 180 కిలోమీటర్లు దాటిన గాలి. గోపాలపట్నంలో మా వాకిట్లో బాదం చెట్టు వేళ్ళతో లేచి గోడ మీద పడింది. ఊరంతా కరెంటు లేదు, ఫోన్లు లేవు, నీళ్ళకి బిందెలు పట్టుకుని తిరిగాం. పాల ప్యాకెట్ ఎవరికి తోచిన ధరకి వాళ్ళు అమ్మారు. మూడోరోజు పొద్దున మా వాడుక పాలాయన, సైకిల్ వెళ్ళే దారి లేక, పడిపోయిన చెట్లు దాటుకుంటూ క్యాన్ భుజాన పెట్టుకుని వచ్చాడు. లీటరు పోసేచోట అర లీటరు పోశాడు. "అందరికీ సర్దాలమ్మా, ధర పాతదే" అన్నాడు. ఆ అర లీటరుతో టీ పెట్టి, పక్కింటివాళ్ళని కూడా పిలిచి, మెట్ల మీద కూర్చుని తాగాం. నా జీవితంలో చాలా టీలు తాగాను. రుచి గుర్తున్న టీ అదే. ఆ రాత్రి దీపమన్నది లేని విశాఖపట్నంలో డాబా ఎక్కితే, ఊరి మీద అన్ని చుక్కలు ఉన్నాయని నాకు మొదటిసారి తెలిసింది.

ఋతువుల వాడుక కూడా ఒకటుంది. ఇప్పుడు ముంజెల రోజులు. రోడ్డు పక్క తాటి గెలలు కొట్టి ఇచ్చేవాళ్ళ దగ్గర నిలబడి, బొటనవేలితో తీసుకుని అక్కడే తిను. డబ్బాలో పెట్టించుకుని ఇంటికి తెచ్చుకుంటే ఆ రుచి ఉండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకి వేట నిషేధం కదా, చేపలు గుడ్లు పెట్టే కాలమని 61 రోజులు ఆపుతారు. ఫిషింగ్ హార్బర్‌లో పడవలన్నీ కట్టేసి ఉంటాయి. నిషేధం తీసేశాక మా వీధిలోకి చేపలమ్మ బుట్టతో వచ్చిన రోజు నాకు పండగే. వంజరం ముక్కలు తెచ్చి పులుసు పెడతాను, నువ్వు ఆ ఆదివారం మా ఇంటికి రావాలి. తర్వాత నేరేడు పళ్ళు, ఆపైన ఏజెన్సీ నుంచి దిగే సీతాఫలాలు, చలికాలం తేగలు. ఎంవీపీ రైతుబజారు నీకు నడక దూరం. వారానికోసారి ఊరికే ఒక చుట్టు తిరిగి రా. ఈ వారం కొత్తగా ఏం వచ్చిందో చూసి, అది ఒక్కటే కొనుక్కో.

ఫోన్ గురించి చాలామంది నీకు చెప్పే ఉంటారు, నేను ఒక్క ముక్కే చెబుతాను. ముందు తిను, చూడు, కాళ్ళు తడుపుకో, ఆ తర్వాత ఫోటో తీసుకో.

నాలుగేళ్ళు సర్జికల్ వార్డులో చేశాను. కడుపు ఆపరేషన్ అయినవాళ్ళకి పేగు కదలిక తెలిసేదాకా అప్పట్లో నోటికి ఏమీ ఇచ్చేవాళ్ళం కాదు. పెదాలకి తడి దూది అద్దేవాళ్ళం. డాక్టరుగారు సరే అన్నాక, రెండు చెంచాల మంచినీళ్ళు పోయడం నా పని. ఆ రెండు చెంచాలు మింగినప్పుడు వాళ్ళ మొహాలు చూశాను. కోటీశ్వరులూ ఉన్నారు, కళాసీలూ ఉన్నారు, ఆ మొహం మాత్రం ఒక్కలాగే ఉండేది. డ్యూటీ దిగి ఇంటికొచ్చి కుండలో నీళ్ళు ముంచుకుని తాగేటప్పుడు నేను కూర్చుని తాగేదాన్ని. ఇప్పటికీ కూర్చునే తాగుతాను.

ఇంకొక సంగతి, ఇది నర్సుగా చెబుతున్నాను. ఒక్కోసారి మనసుకి పట్టిన బరువు బీచ్‌కీ ముంజెలకీ లొంగదు. రెండు వారాలైనా నిద్ర సరిగా పట్టకపోయినా, ఇష్టమైన తిండి కూడా సహించకపోయినా, లేవగానే ఏడుపొస్తున్నా, నీ ప్రయత్నం చాలలేదని నిన్ను నువ్వు తిట్టుకోకు. అది జబ్బు కావచ్చు, దానికి వైద్యం ఉంది. టెలి మానస్ అని ప్రభుత్వం వాళ్ళది ఫోన్ సేవ ఉంది, 14416. రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఆ పరిస్థితి వస్తే ముందు వాళ్ళకి చెయ్యి, తర్వాత నాకు చెయ్యి. నేను ఆటో ఎక్కి వచ్చేస్తాను, ఎందుకని అడగను.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకు. ఒకటి చాలు. అది చెయ్యలేని రోజు వస్తే వదిలెయ్. పాలాయన కూడా ఏడాదికి రెండు రోజులు నాగా పెడతాడు.

మీ తాతయ్య ఆ తర్వాత ఏటా వచ్చారు. వచ్చిన ప్రతిసారీ పంచె పైకి కట్టి నీళ్ళలోకి దిగారు. రెండో ఏడు వచ్చినప్పుడు ఆయనకి నేను చంద్రోదయం చూపించాను. పౌర్ణమి నాడు వెనక ఊళ్ళో సూర్యుడు దిగుతుంటే ఎదురుగా సముద్రంలోంచి చంద్రుడు లేస్తాడు, ఎర్రగా, కంచు పళ్ళెమంత. మర్నాటి నుంచి రోజుకి ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. ఈ లెక్క గుర్తుపెట్టుకుంటే ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చేవాళ్ళకి కూడా చంద్రుడు దొరుకుతాడు.

ఈ గురువారం పౌర్ణమి. ఆ రోజు నీకు కుదరదని తెలుసు. శనివారం అయితే ఎనిమిది ప్రాంతంలో లేస్తాడు. ఏడున్నరకి కాళీమాత గుడి ఎదురుగా గట్టు మీద ఉంటాను. మురీ మిక్చర్ అక్కడే కొనుక్కుందాం, ఉల్లిపాయ ఎక్కువ వేయించుకుని. గాలి బాగా ఉంటుంది, చున్నీ తెచ్చుకో. చెప్పులు మాత్రం పాతవి వేసుకుని రా, నీళ్ళలోకి దిగుదాం.

నీ పెద్దమ్మ